డ్రాయింగు గీసేవారు మర కోసేవారిని అడగాలి

యంత్రభాగం తయారీ ఆలస్యమైతే సంజాయిషీ లేత్ వద్ద నిలిచిన కార్మికుని నుండే కోరుతారు. డ్రాయింగు గీసినవారిని ఎవరూ అడగరు. ఈ పద్ధతి మారవలసి ఉన్నదని మా నిశ్చితాభిప్రాయం.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ నుండి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. మా దీవులలో రైలుమార్గం లేదు. చెన్నై, విశాఖపట్నం, కలకత్తా రేవులు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. తపాలా వ్యానులోగాని, పడవ ఇంజనులోగాని ఒక భాగం విరిగి, దానిని ఇక్కడి లేత్‌పై చేయలేకపోతే, ఓడ వచ్చేవరకు పని నిలిచిపోవలసిందే.

చాలా సందర్భాలలో చిక్కు పనిలో లేదు, గీతలో ఉన్నది. తిరిగే కట్టరు గుండ్రంగా ఉంటుంది. గుంట లోపలి మూలను నలుచదరంగా గీస్తే దానిని కట్టరు కోయలేదు, ఆకురాయితో గంటల తరబడి అరగదీయాలి. ఆ మూలకు తగినంత వంపు ఇస్తే ఒకే కోతలో పని ముగుస్తుంది. ఆరపార రంధ్రం సరిపోయేచోట అడుగు మూసిన రంధ్రం కోరితే, రజను అడుగున చేరి ట్యాపు విరుగుతుంది. మిల్లీమీటరులో పదవ వంతు తేడా చెల్లేచోట నూరవ వంతు కోరితే మంచి సరుకు కూడా తిరస్కృతమవుతుంది. నింద కార్మికునిపై పడుతుంది.

ఇది కొత్త వాదన కాదు. 1841లో ఇంగ్లండులో విట్‌వర్త్ మరచుట్లకు 55 డిగ్రీల కోణాన్ని, గుండ్రని అంచులను నిర్ణయించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణం, చదునైన అంచులు గల మరను ప్రతిపాదించాడు. సాధారణ కార్మికుడు సాధారణ పనిముట్లతో దానిని సులువుగా కోయగలడన్నదే ఆయన ప్రధాన వాదన. 1868లో అమెరికా నౌకాదళం, ఆపై పెన్సిల్వేనియా రైల్వే దానిని స్వీకరించాయి. నేటి మెట్రిక్ మర కోణం కూడా 60 డిగ్రీలే.

సులభతరం చేయడమంటే బలాన్ని తగ్గించడం కాదు. ఇరుసుపై బేరింగు కూర్చునేచోట కచ్చితమైన కొలత ఉండి తీరాలి. అవసరం లేనిచోట దానిని కోరవద్దనే మా మనవి.

కనుక ప్రతి డ్రాయింగును ఖరారు చేయడానికి ముందు టర్నరు, మిల్లరు, ఫిట్టరు పరిశీలించాలి. వారి సూచనలు లిఖితపూర్వకంగా నమోదు కావాలి. తిరస్కరిస్తే కారణం తెలపాలి. వర్క్‌షాపులలోని సోదరులు తమను వేధిస్తున్న భాగాల జాబితాలను ఇప్పటి నుండే సిద్ధం చేయాలని కోరుతున్నాము.