ఉత్తరం మధ్యలోంచి ఒక్క లైను

రాత్రి పదకొండున్నరకి వాట్సాప్ మోగింది. మా యూత్ గ్రూపులో అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం. ముందు ఒక ఫొటో పంపింది. పువ్వుల బోర్డరున్న చిన్న కార్డు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరం బుట్టలో చెయ్యిపెట్టి తీసుకుంటామే, ఆ వాగ్దానం కార్డు. దాని మీద యిర్మీయా 29:11. ఫొటో కింద ఒక్క ప్రశ్న.

"అన్నా, ఇది అబద్ధమా?"

వాళ్ళ నాన్న మార్చిలో పోయారు.

బ్లూ టిక్ పడిపోయింది. నేను చదివానని తనకి తెలిసిపోయింది. ఏం రాయాలో మాత్రం నాకు తెలియలేదు. "అంతా దేవుని చిత్తం" అని టైప్ చేసి పడుకోవచ్చు. కానీ అలా రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఇదే కార్డు నాకూ వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. ఆ కార్డు తీయగానే ఒళ్ళు పులకరించింది. ఇంకేముంది, ఉద్యోగం ఖాయం! కార్డుని ఫోన్ కవర్ వెనకాల పెట్టుకుని తిరిగాను. ఫిబ్రవరిలో విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ వాళ్ళు అకౌంట్స్‌లోకి రమ్మన్నారు. వద్దన్నాను. "దేవుడు నాకు పెద్దది దాచిపెట్టాడమ్మా" అన్నాను. మా అమ్మ ఏమీ అనలేదు. కుట్టు మిషన్ మీద ఇంకో రెండు జాకెట్లు ఎక్కువ కుట్టడం మొదలుపెట్టింది.

రిజల్ట్ వచ్చింది. లిస్టులో నా నెంబరు లేదు. కార్డు చింపేశాను. ఆర్నెల్లు చర్చి గడప తొక్కలేదు. బైబిల్ మీద నమ్మకం పోయిందని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. అసలు నేను బైబిల్ చదివిందెప్పుడు? కార్డు చదివానంతే.

అమ్మమ్మ వేసిన ప్రశ్న

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళు దాటాక, చర్చిలో పెట్టిన రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. బైబిల్ చదవాలన్న ఒక్క కోరికతో. దాంతో వీధిలో వాళ్ళందరికీ ఉత్తరాలు చదివిపెట్టే పని కూడా ఆవిడకే పడింది. మిలిటరీలో ఉన్న కొడుకుల ఉత్తరాలు, హైదరాబాదు పనికెళ్ళిన మొగుళ్ళ ఉత్తరాలు.

నేను చర్చి మానేసిన సంగతి తెలిసి పిలిపించింది. తిట్టలేదు. "ఆ మాటకి ముందేముందో చూశావంట్రా?" అని మాత్రం అడిగింది. నేను చూడలేదు. ఆవిడ బైబిల్ తెరిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదివింది. తర్వాత కళ్ళద్దాలు తీసి అంది:

"ఒరే, ఇది ఉత్తరంరా. ఉత్తరం వస్తే ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ ఊరి నించి వచ్చింది అని ముందు చూస్తాం. నువ్వు మజ్జిలో ఒక లైను చింపుకుని జేబులో పెట్టుకున్నావు. పైగా అది నీ పేరు మీద వచ్చిన ఉత్తరం కూడా కాదు."

తర్వాత పుస్తకాలు చాలా చదివాను. కానీ బైబిల్ ఎలా చదవాలో ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి నాకు దొరకలేదు.

ఇంతకీ ఆ ఉత్తరంలో ఏముంది?

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకున్నాడు. గద్దెనెక్కి మూడు నెలలే ఏలిన రాజు యెకొన్యాని, అధికారుల్ని, పనితనం తెలిసిన కంసాలుల్ని బందీలుగా పట్టుకుపోయాడు. అక్కడున్న వాళ్ళందరి మనసులో ఒకటే ప్రశ్న. ఇంటికి ఎప్పుడు వెళ్తాం?

హనన్యా అనే ప్రవక్త "రెండేళ్ళలో" అని చెప్పాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి అందరి ముందూ విరగ్గొట్టాడు కూడా. ఈ రోజుల్లో అయితే ఆ క్లిప్పే వైరల్ అయ్యేది. యిర్మీయా మాత్రం యెరూషలేము నుంచి బందీలకు ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి. తోటలు వేసుకోండి. పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చేయండి. ఎందుకంటే మీరు తిరిగి రావడానికి డెబ్బై ఏళ్ళు పడుతుంది.

డెబ్బై ఏళ్ళు! మన కార్డు మీదున్న వచనం ఈ మాట తర్వాతే వస్తుంది. అంటే ఆ ఉత్తరం మొదట విన్న పెద్దవాళ్ళలో చాలామంది పరాయి నేల మీదే కన్నుమూస్తారు. అది వాళ్ళకీ తెలుసు. ఆ వాగ్దానం ఒక్కొక్కరికి విడివిడిగా ఇచ్చిన గ్యారంటీ కాదు. ఒక జనానికి, తరాలు దాటి ఇచ్చిన మాట.

ఈ విషయం పట్టుకోవడం తెలుగువాళ్ళకి నిజానికి సులువు. ఇంగ్లీషులో ఒక్కరైనా పదిమందైనా ఒకటే మాట వాడతారు. మన పాత తెలుగు బైబిల్లో దేవుడు ఒక్క మనిషితో మాట్లాడితే "నీవు" అంటాడు. ఈ వచనంలో ఉన్నది "మీకు". మనం మర్యాదకి "మీరు" అనడం అలవాటై, ఆ బహువచనాన్ని గమనించకుండా దాటేస్తాం.

ఇంకో తమాషా. ఆ వచనంలో "సమాధానం", "నిరీక్షణ" అనే రెండు మాటల దగ్గర నేను పల్టీ కొట్టాను. సమాధానం అంటే నా పరీక్షకి జవాబు అనుకున్నాను. బైబిల్ తెలుగులో సమాధానం అంటే శాంతి, క్షేమం. హెబ్రీలో షాలోమ్. నిరీక్షణ అంటే మామూలుగా ఎదురుచూపు. బైబిల్ తెలుగులో దానర్థం ఆశ. రోజూ వాడే మాటలే కదా అని అర్థం మనకి తెలుసనుకుంటాం. అక్కడే బోల్తా పడతాం.

మరి ఎందుకు నమ్మాలి?

ఇక్కడ ఆ అమ్మాయి ప్రశ్నకి రావాలి. "మన కోసం కాదు" అనేస్తే సరిపోతుందా? అసలు ఈ ఉత్తరం నిజమేనా?

బబులోను శిథిలాల్లో మట్టి పలకలు దొరికాయి. రాజభవనం నుంచి ఎవరెవరికి ఎంత నూనె ఇచ్చారో రాసుకున్న లెక్కలవి. మన రేషన్ రిజిస్టర్ లాంటివి. అందులో యూదా రాజు యెకొన్యా పేరు, అతని ఐదుగురు కొడుకుల ప్రస్తావన ఉన్నాయి. యెరూషలేమును పట్టుకున్న సంగతి చెప్పే ఇంకో బబులోను పలక లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ బందీలతో పాటు చెరకు వెళ్ళిన ఆ రాజు కథల్లో మనిషి కాదు. శత్రువుల లెక్కల పుస్తకంలో పేరున్న మనిషి.

1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో చర్మపు చుట్టలు బయటపడ్డాయి. వాటిలో యెషయా గ్రంథం చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవుంటుంది. అప్పటిదాకా మన దగ్గరున్న హెబ్రీ ప్రతుల కంటే దాదాపు వెయ్యేళ్ళు పాతది. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. అక్షరాల్లో, కొన్ని మాటల్లో తేడాలున్నాయి. గ్రంథం మాత్రం అదే గ్రంథం.

దాచాల్సిన పని లేదు కాబట్టి ఇంకోటీ చెప్తాను. యిర్మీయా గ్రంథానికి గ్రీకులోకి చేసిన ప్రాచీన అనువాదం, హెబ్రీ ప్రతి కంటే ఎనిమిదో వంతు దాకా చిన్నది. పండితులు దీని గురించి బాహాటంగానే రాస్తారు. నా నమ్మకం దీంతో తగ్గలేదు. తేడా దాచే పుస్తకం కంటే తేడా చూపించి చదవమనే పుస్తకం మీదే నాకు గురి. అదే గ్రంథం 36వ అధ్యాయంలో రాజు చుట్టని ముక్కలు ముక్కలుగా కోసి నిప్పులో వేస్తాడు. యిర్మీయా మళ్ళీ చెప్తాడు, బారూకు మళ్ళీ రాస్తాడు. ఇంకొన్ని మాటలు కలిపి మరీ.

మట్టి పలకలు దేవుణ్ణి నిరూపించవు. అది వాటి పని కాదు. ఆ ఉత్తరం నిజమైన మనుషులకి, నిజమైన కష్టంలో అందిందని నమ్మడానికి మాత్రం మంచి ఆధారం ఇస్తాయి. ఆ కష్టంలో దేవుడు వాళ్ళని మర్చిపోలేదన్నది నా విశ్వాసం.

వచనం కత్తి లాంటిది

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో సాతాను కూడా వచనమే చెప్తాడు, గమనించారా? 91వ కీర్తనలోంచి ఒక ముక్క తీసి, గుడి శిఖరం మీంచి దూకమంటాడు. యేసు ఇంకో లేఖనం చెప్పి, దేవుణ్ణి అలా పరీక్షించకూడదంటాడు. కాబట్టి "వచనంలో ఉంది" అన్నంత మాత్రాన సరిపోదు.

ఇది చిన్న విషయం కాదు. ఒక్క వచనం చూపించి షుగర్ మందులు మానేయమనేవాళ్ళు ఉన్నారు. ఉన్న కాస్త బంగారం కానుకగా ఇచ్చేయమనేవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు 2 రాజులు 20వ అధ్యాయం తీయండి. హిజ్కియా బాగుపడతాడని దేవుని మాట చెప్పిన యెషయానే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. మాట, మందు రెండూ ఒకే చోట ఉన్నాయి.

పౌలు లాంటివాడు బోధించినా, బెరయ ఊరివాళ్ళు రోజూ లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్ళని మెచ్చుకుంటుంది. సందేహం వస్తే సరిచూసుకోవడం అవిశ్వాసం కాదు ఫ్రెండ్స్.

నేను పాటించేవి నాలుగే. వచనం నచ్చితే అధ్యాయం మొత్తం చదువుతాను. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అని అమ్మమ్మ ప్రశ్నలు వేసుకుంటాను. అది ఉత్తరమా, పాటా, ధర్మశాస్త్రమా, ఉపమానమా అని చూస్తాను. అర్థం కాకపోతే తెలిసినవాళ్ళని అడుగుతాను. రథంలో యెషయా చదువుతున్న ఐతియొపీయుడు అంత పెద్ద అధికారి అయ్యుండీ, ఎవరైనా చెప్పకపోతే ఎలా తెలుస్తుందని ఫిలిప్పుని అడిగాడు. మనకేం నామోషీ?

ఆ రాత్రి చివరికి ఇలా టైప్ చేశాను.

"అబద్ధం కాదమ్మా. కానీ అది ఒక ఉత్తరంలో ఒక్క లైను. మీ నాన్న పోరని ఆ ఉత్తరం ఎక్కడా చెప్పలేదు. మేమే నీకు మొత్తం చదివి వినిపించకుండా కార్డు చేతిలో పెట్టాం. తప్పు మాది. ఏడుపొస్తే ఏడు. 88వ కీర్తన చూడు, చివరి మాట దాకా చీకటే. అయినా ఎవరూ దాన్ని బైబిల్లోంచి తీసేయలేదు."

చాలాసేపు జవాబు లేదు. పన్నెండున్నరకి మెసేజ్ వచ్చింది.

"ఆ ఉత్తరం ఎంతుంటుంది అన్నా?"

"అధ్యాయం మొత్తం 32 వచనాలు."

"రేపు సాయంత్రం ఫోన్ చేస్తారా? మొదటి నుంచి చదువుదాం."