లూప్ తిరుగుతుండగా తీసేస్తే తేడా కొడుతుంది

పోయిన వారం రాత్రి పదకొండింటికి మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు మెసేజ్ పెట్టాడు. ‘‘అన్నా, కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అని వస్తోంది. నా కోడ్‌లో థ్రెడ్లే లేవు. ట్రై క్యాచ్‌లో పెట్టేసి వదిలేయనా?’’

వదిలేయొద్దురా బాబూ అని వెంటనే ఫోన్ చేశాను. వాడికి అరగంట చెప్పిన కథే ఈ వారం మీకూ చెప్తాను. కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు తప్పకుండా చదవండి. కోడింగ్ రానివాళ్లూ చదవొచ్చు, ఎందుకంటే ఇందులో కంప్యూటర్ కంటే టార్పాలిన్ల గొడవే ఎక్కువ.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి నేను ఇంజనీరింగ్ ఫైనలియర్. ఉద్దానం అంటే మా శ్రీకాకుళం వాళ్లకి కొబ్బరితోటలు, జీడితోటలు. ఒక్క పూటలో అవన్నీ నేలకొరిగాయి. స్తంభాలు విరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మేం ఆరుగురు ఫ్రెండ్స్ కలిసి అక్కడ ఒక ఊరికి సాయానికి వెళ్లాం.

ఆ ఊళ్లో పైకప్పు ఎగిరిపోయిన ఇళ్లు 64. పేర్లన్నీ వీధి వరసలో రాసుకున్నాం. మొదటి వ్యాన్‌లో 24 టార్పాలిన్లు వచ్చాయి, రోడ్డు దగ్గరున్న వీధుల్లోనే పంచేశారు. రెండో వ్యాన్‌లో 40 వస్తాయన్నారు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఇక అందినవాళ్ల పేర్లు కొట్టేసి మిగతా లిస్టు ఇవ్వడమే పని.

చేత్తో కొట్టేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది. కానీ నేను కంప్యూటర్ సైన్స్ కదా! జనరేటర్ దగ్గర లాప్‌టాప్ చార్జింగ్ పెట్టి పైథాన్‌లో నాలుగు లైన్లు రాశాను. లిస్టులో ఒక్కో పేరు చూడు, అందినవాళ్లలో ఉంటే అక్కడికక్కడే లిస్టులోంచి తీసెయ్. రన్ చేశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. గర్వంగా లిస్టు కాగితం మీద రాసి ఇచ్చేశాను.

సాయంత్రం వ్యాన్ వచ్చింది. పేర్లు చదువుతూ పంచారు. ఊరి చివరి వీధికి వెళ్లేసరికి టార్పాలిన్లు అయిపోయాయి. ఏడిళ్లు మిగిలిపోయాయి. పైన మళ్లీ మబ్బు పట్టింది. ఒక మామ్మ నన్ను గుర్తుపట్టి అడిగింది. ‘‘మా ఈది పేర్లు కాయితంలో నేవేటి బాబూ? నిన్న నువ్వే రాసుకెళ్లినావు గదా.’’

పేర్లు కాగితంలో ఉన్నాయి. కానీ వాళ్లకంటే ముందు ఉండకూడని ఏడు పేర్లు కూడా ఉన్నాయి. నేనిచ్చిన లిస్టులో 40 కాదు, 47 ఉన్నాయి. మొదటి వ్యాన్‌లో అందిన ఏడుగురి పేర్లు మళ్లీ పిలిచారు. ఆ హడావిడిలో వాళ్లూ పశువుల సాలకి పనికొస్తుందని తీసుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. పేరు పిలిస్తే ఎవరైనా వస్తారు.

అసలేం జరిగిందో ఇలా ఊహించుకోండి. ఐదు కుర్చీలు, సున్నా నుంచి నాలుగు దాకా నంబర్లు. వరసగా తాత, మామ్మ, మావయ్య, అత్త, చిన్నాన్న కూర్చున్నారు. మామ్మకీ మావయ్యకీ టార్పాలిన్ అందింది, ఇద్దర్నీ లేపాలి. లూప్ ఒకటో నంబర్ కుర్చీ దగ్గరికొచ్చి మామ్మని లేపింది. వెంటనే అందరూ ఒక్కో కుర్చీ ముందుకి జరిగారు. మావయ్య ఒకటో కుర్చీలోకి వచ్చాడు. కానీ లూప్‌కి ఆ సంగతి తెలీదు, అది రెండుకి వెళ్లిపోయింది. అక్కడ అత్త ఉంది. మావయ్యని ఎవరూ చూడనే లేదు!

అంటే తీసేసిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లు చెకింగ్ తప్పించుకుంటారు. మా 24 మందిలో పది మంది విడివిడిగా ఉన్నారు, వాళ్లు సరిగ్గానే పోయారు. మిగతా 14 మంది ఏడు చోట్ల పక్కపక్క ఇళ్లవాళ్లు. ప్రతి జంటలో ఒకరు పోయి ఒకరు మిగిలారు. వీధి వరసలో రాసుకోవడం వల్లే ఇలా అయ్యింది. అందుకే ఈ బగ్ చిన్న టెస్టులో దొరకదు. తీసెయ్యాల్సినవి పక్కపక్కన పడినప్పుడే బయటపడుతుంది.

పైథాన్‌లో డిక్షనరీ మీద ఇదే పని చేస్తే, తిరుగుతుండగా సైజు మారిందని ఎర్రర్ ఇస్తుంది. లిస్టు దగ్గర మాత్రం నోరు మెదపదు. జావా అలా కాదు. అర్రేలిస్ట్ తనలో ఎన్ని మార్పులు జరిగాయో ఒక లెక్క పెట్టుకుంటుంది. ఫర్ లూప్ వెనకాల పనిచేసే ఇటరేటర్ ఆ లెక్కని మొదట్లోనే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి ఐటెమ్ అడిగిన ప్రతిసారీ రెండూ పోల్చి చూసి, తేడా ఉంటే ఎక్సెప్షన్ విసురుతుంది. కాంకరెంట్ అని పేరున్నా దానికి రెండో థ్రెడ్ అక్కర్లేదు. మీ ఒక్క లూపే చాలు.

మా కుర్రాడికి అదే చెప్పాను. ‘‘ఆ ఎర్రర్ నీ మీద కోపంతో రాలేదురా, కాపాడ్డానికి వచ్చింది. నాకు ఆ రోజు అలాంటిది ఒక్కటి వచ్చుంటే ఏడిళ్లు తడిసేవి కాదు.’’

అలాగని జావానీ పూర్తిగా నమ్మకండి. చివరి నుంచి రెండోదాన్ని తీసేశారనుకోండి. మన కుర్చీల్లో అత్త అన్నమాట. సైజు ఐదు నుంచి నాలుగైంది, లూప్ కూడా సరిగ్గా నాలుగు దగ్గరే ఉంది. ‘ఇంకేం మిగల్లేదు’ అనుకుని ఆగిపోతుంది. ఎక్సెప్షన్ రాదు, చిన్నాన్నని చూడదు. ఈ ఎక్సెప్షన్ ప్రతిసారీ వస్తుందన్న గ్యారంటీ లేదని జావా డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది.

మరి ఎలా తియ్యాలి? నాలుగు దారులున్నాయి.

మొదటిది, తిరుగుతున్నవాడి చేతే తీయించడం. జావాలో లిస్టుని కాకుండా ఇటరేటర్‌ని రిమూవ్ చెయ్యమనాలి. తీసింది తనే కాబట్టి ఎక్కడున్నాడో తనే సర్దుకుంటాడు. సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లో ఎరేజ్ చేస్తే తర్వాతి ఇటరేటర్‌ని తిరిగిస్తుంది, దాన్ని పట్టుకునే ముందుకెళ్లాలి. పాతదాన్ని వాడకూడదు.

రెండోది, షరతు మాత్రం చెప్పి పని లైబ్రరీకి అప్పగించడం. 2014లో వచ్చిన జావా 8 నుంచి రిమూవ్‌ఇఫ్ ఉంది, ఒక్క లైను. స్పీడ్ కూడా ఎక్కువే. ఒక్కోటి తీసినప్పుడల్లా వెనకాల ఉన్నవాటన్నిటినీ జరిపే బదులు, ఒకే విడతలో సర్దేస్తుంది.

మూడోది, వెనక నుంచి రావడం. నాలుగో కుర్చీ నుంచి సున్నా దాకా వస్తే, జరిగేవాళ్లందరూ మనం ఇప్పటికే చూసేసినవాళ్లే. ఎవరూ తప్పించుకోలేరు.

నాలుగోది నాకు ఇష్టమైనది. పాత లిస్టు జోలికి వెళ్లకుండా, ఉండాల్సినవాళ్లతో కొత్త లిస్టు కట్టడం. పైథాన్‌లో లిస్ట్ కాంప్రహెన్షన్, జావాస్క్రిప్ట్‌లో ఫిల్టర్ చేసేది ఇదే. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లని ఎప్పుడైనా చూశారా? గుండు ఒక ట్రేలోకి, బద్ద ఇంకో ట్రేలోకి ఏరి వేస్తారు. ప్రతి పప్పూ ఒకసారి చేతిలోకి వస్తుంది, ఏదో ఒక ట్రేలోకి వెళ్తుంది. పైగా పాత లిస్టు అలాగే ఉంటుంది కాబట్టి తేడా వస్తే మళ్లీ చూసుకోవచ్చు. కాస్త మెమరీ ఎక్కువ పడుతుంది, అంతే. ఇక నిజంగానే రెండు మూడు థ్రెడ్లు ఒకే లిస్టుని మారుస్తుంటే వీటితో సరిపోదు, దానికి లాకులు కావాలి. అది ఇంకో వారం.

ఏ దారిలో వెళ్లినా చివర్లో ఒక లైను మాత్రం రాయండి. ముందు ఎన్ని ఉన్నాయి, ఎన్ని తీశాం, ఎన్ని మిగిలాయి. 64 లోంచి 24 పోతే 40. ఒకటో క్లాసు పిల్లాడూ చేసే ఈ లెక్క నేను చేసుంటే 47 చూడగానే ఆగేవాణ్ని. నేను చూసింది ఎర్రర్ వచ్చిందా లేదా అని మాత్రమే.

మేం డబ్బులు పోగేసి, టెక్కలి దాకా వెళ్లి టార్పాలిన్లు కొనుక్కొచ్చేసరికి రెండు రాత్రులు గడిచాయి. రెండు రాత్రులూ వాన పడింది. ఆ మామ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. టార్పాలిన్ మడత తీసుకుని, ‘‘తిన్నావేటి బాబూ?’’ అని అడిగింది.

మా కుర్రాడు నిన్న కోడ్ మార్చి రివ్యూకి పెట్టాడు. రిమూవ్‌ఇఫ్ వాడాడు. కింద కౌంట్ చెక్ కూడా ఉంది. అది చూసే అప్రూవ్ కొట్టాను.