ఉచిత పాస్ కోసం ఎవరూ స్లెడ్డు లాగరు

అమెరికాలో స్కీయింగ్ చేసేవాళ్ల దగ్గర వాలంటీర్ స్కీ పాట్రోల్, అంటే కొండ మీద దెబ్బతిన్నవాళ్లను స్లెడ్డులో కిందికి దించే జీతం లేని సేవకుల ప్రస్తావన తెస్తే ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "వాళ్లకేమండీ, సీజన్ పాస్ ఊరికే వస్తుంది, చలికాలమంతా కొండ మీదే!" శీతాకాలంలో పిల్లల్ని తీసుకుని కొండలకు వెళ్లే మన తెలుగు కుటుంబాల్లో ఇదే మాట ఇంకో రూపంలో వస్తుంది: "జీతం లేని పనికి శని ఆదివారాలు ధారపోయడమేమిటి?" మొదటి మాటలో అసూయ ఉంది, రెండోదాంట్లో జాలి ఉంది. రెండూ ఆ పనిని పాస్ ధరతోనే కొలుస్తున్నాయి. ఆ కొలత తప్పు. అంతటితో పోతే ఇంత రాయనక్కర్లేదు. ఆ కొలత వల్ల పాట్రోల్‌లో చేరకూడనివాళ్లు గుమ్మం దాకా వస్తున్నారు, చేరవలసినవాళ్లు ఆ వైపే చూడటం లేదు.

లెక్కే కావాలంటే లెక్కే చూద్దాం. స్కీ రిసార్టులు నడిపే వెయిల్ కంపెనీ కొండలన్నిటి మీదా చెల్లే ఎపిక్ పాస్‌ను ముందుగా కొనుక్కుంటే వెయ్యి డాలర్ల దరిదాపుల్లో వస్తుంది. చిన్న కొండ పాస్ ఇంకా చవక. దానికి బదులుగా పాట్రోల్‌లో చేరదలచిన అభ్యర్థి ఇచ్చేదేమిటి? ఔట్‌డోర్ ఎమర్జెన్సీ కేర్ అనే ప్రథమ చికిత్స కోర్సుకే వంద గంటలకు అటూ ఇటూ పోతాయి. వేసవి చివర్లోనో శరదృతువులోనో మొదలై, పని దినాల సాయంత్రాల్నీ వారాంతాల్నీ తినేస్తుంది. చివర రాత పరీక్ష, చేతలతో చూపించాల్సిన పరీక్ష. మంచు పడ్డాక స్లెడ్డు శిక్షణ. చాలా కొండల మీద మొదటి చలికాలమంతా అభ్యర్థిగానే గడిచిపోతుంది. ఆ తర్వాత కూడా ఏటా పునశ్చరణ, ఏటా సీపీఆర్, ఆగిపోయిన లిఫ్టులోంచి జనాన్ని తాళ్లతో దించే అభ్యాసం. సభ్యత్వ రుసుము, బూట్లు, స్కీలు సాధారణంగా సొంత ఖర్చే. ఇక క్రిస్మస్ వారం, ప్రెసిడెంట్స్ డే వారాంతం లాంటి సెలవులు వస్తే ఇంటిల్లిపాదీ సరదాగా గడిపే ఆ రోజులే పాట్రోలర్‌కి డ్యూటీ రోజులు. పాస్ మాత్రమే కావలసినవాడు అన్ని గంటలు ఏ చిన్న ఉద్యోగం చేసినా పాస్ కొనుక్కోగా ఇంకా మిగులుతుంది.

పైగా పాట్రోలర్ ఎర్ర జాకెట్ తొడుక్కున్న రోజున ఎప్పుడు ఎక్కడ స్కీయింగ్ చేయాలో తన చేతిలో ఉండదు. లిఫ్టులు జనానికి తెరవకముందే పైకి చేరాలి. రాత్రి మంచును చదును చేసే గ్రూమింగ్ యంత్రం వదిలేసిన అంచులు, పైకి తేలిన రాళ్లు, మంచు పలచబడిన చోట్లు వెతుకుతూ ట్రయల్ తర్వాత ట్రయల్ దిగి చూడాలి. ప్రమాదం కనిపించిన చోట వెదురు కర్రలు పాతాలి, తాడు కట్టాలి, లిఫ్టు స్తంభాలకు చుట్టిన మెత్తలు జారిపోతే సరిచేయాలి. తర్వాత కొండ కొస మీది గదిలో రేడియో వింటూ కాచుకుని ఉండాలి. సాయంత్రం లిఫ్టు ఆగాక అందరూ కిందికి పోతుంటే, పాట్రోల్ మాత్రం వరుసగా ప్రతి దారినీ ఊడ్చుకుంటూ దిగుతుంది. చెట్ల అంచుల్లోకి కేకేస్తుంది, చెవి ఒగ్గి వింటుంది, ఎవరూ మిగలలేదని తేలాకే దిగిపోతుంది.

ఈ మధ్యలో పిలుపు వస్తుంది. పడిపోయిన మనిషికి కాస్త ఎగువన రెండు స్కీలు అడ్డంగా ఒకదానిమీదొకటి గుచ్చి నిలబెడతారు, పైనుంచి వేగంగా వచ్చేవాళ్లు చూసి పక్కకు తప్పుకోవాలని. ఆ తర్వాత చేయవలసినదంతా వాలు మీద, గాలిలో, మంచులో మోకాళ్లూని చేయవలసిందే. తెగిన మోకాలి లిగమెంటు, స్నోబోర్డు కొత్తగా ఎక్కినవాడి మణికట్టు, జారిన భుజం, తల దెబ్బ. తొడ ఎముక విరిగితే ట్రాక్షన్ స్ప్లింట్ కట్టాలి. దెబ్బకంటే చలి ముందు మనిషిని లొంగదీస్తుంది కనుక ఇదంతా త్వరగా జరగాలి, తొందరపాటు లేకుండా జరగాలి. రోగిని స్లెడ్డులో కట్టి, ముందు పిడుల మధ్య నిలబడి, తన బరువుకు తోడు ఇంకో మనిషి బరువును నిట్టనిలువు వాలు మీద అడ్డంగా జారుతూ కిందికి దించాలి. వాలు మరీ ఎక్కువైతే ఇంకొకరు వెనక తాడు పట్టుకుంటారు. స్లెడ్డు ముక్కు కింద వేసిన గొలుసు మంచును ఒరుసుకుంటూ వేగాన్ని అదుపులో పెడుతుంది.

కొండ మీద అందరికంటే వేగంగా దూసుకుపోయేవాడే మంచి పాట్రోలర్ అన్న నమ్మకం అందుకే తప్పుతుంది. అక్కడ కావలసింది గట్టిపడ్డ మంచు మీద, గుంతల మధ్య, వెలుతురు చాలని మధ్యాహ్నాల్లో మెల్లగా దిగగల నేర్పు. గొప్ప స్కీయర్లు కొందరు ఈ పరీక్షలో నిలవరు. ఓపికున్న మామూలు స్కీయర్లు శిక్షణతో నిలుస్తారు.

ఈ సేవ ఎలా పుట్టిందో తెలిసినవాళ్లు దాన్ని పాస్‌తో ముడిపెట్టరు. 1936 తొలి రోజుల్లో వెర్మాంట్ రాష్ట్రంలోని స్టో దగ్గర మినాట్ డోల్ అనే బీమా ఉద్యోగి స్కీ మీద పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. దించడానికి స్లెడ్డు లేదు, ఎవరిని పిలవాలో తెలియదు. చివరికి అతని మిత్రులు ఒక కప్పు రేకు సంపాదించి, దాని మీద పడుకోబెట్టి కిందికి లాక్కొచ్చారు. అప్పుడు అతని పక్కనే ఉన్న ఫ్రాంక్ ఎడ్సన్ అదే ఏడు మార్చిలో ఒక స్కీ పందెంలో దెబ్బతిని చనిపోయాడు. డోల్ ఆ దుఃఖాన్ని పనిలో పెట్టాడు. స్కీ ప్రమాదాల మీద సమాచారం సేకరించాడు. జనాన్ని భయపెట్టి ఆటను చెడగొడుతున్నాడని నిందలు పడ్డాడు. 1938లో స్టోలో జాతీయ పందేలు జరిగినప్పుడు అతను నడిపిన పాట్రోల్‌ను చూసి, జాతీయ స్కీ సంఘం అధ్యక్షుడు రోజర్ లాంగ్లీ దేశమంతటికీ అలాంటిది కట్టమని అడిగాడు. నేషనల్ స్కీ పాట్రోల్ పుట్టింది ఆ ఏడే. ఇప్పుడు దాని సభ్యులు 30 వేల పైచిలుకు, ఎక్కువమంది వాలంటీర్లు. 1980లో అమెరికా కాంగ్రెస్ దానికి ఫెడరల్ చార్టర్ ఇచ్చింది. దీన్ని కట్టినవాళ్లు కొండ మీద ఇంకో మనిషి దిక్కులేకుండా పడి ఉండకూడదనుకున్నవాళ్లు.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది. దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. 2024 డిసెంబరు 27న యూటాలో వెయిల్‌కి చెందిన పార్క్ సిటీలో జీతం తీసుకునే పాట్రోలర్లు 200 మంది దాకా సమ్మెకు దిగారు. గంటకు 21 డాలర్ల ప్రారంభ వేతనాన్ని 23 చేయమన్నది వాళ్ల ప్రధాన కోరిక. సెలవుల రద్దీలో కొండలో చాలా భాగం తెరుచుకోలేదు, లిఫ్టుల దగ్గర వరుసలు పెరిగిపోయాయి. దాదాపు రెండు వారాలకు కంపెనీ దిగివచ్చింది. ఆ తర్వాత చాలామంది ఇలా అన్నారు: లాభాలు గడించే కంపెనీ కొండ మీద ఉచితంగా పనిచేయడమంటే, పక్కవాడి కూలీ తగ్గించడమే.

సగం నిజం ఇది. తెల్లవారకముందే పేలుడు పదార్థాలతో హిమపాతాలను రాల్చే పని, రోజూ కొండనంతా కాచే పని వృత్తిగా చేసేవాళ్లవి. వాళ్లకు ఆ ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోగలిగేంత జీతం రావాలి. అక్కడ వాలంటీరును నిలబెట్టి ఒక జీతం మిగుల్చుకునే కంపెనీ చేసేది దొంగతనం. ఆ మాటను నేను ఎక్కడైనా అంటాను. కానీ అమెరికా స్కీ కొండలన్నీ వెయిల్‌వి కావు. వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ 1995 నుంచి స్కీయర్ల సహకార సంఘానిది. ఇడాహోలో బోగస్ బేసిన్, మోంటానాలో బ్రిడ్జర్ బౌల్ లాభాపేక్ష లేని సంస్థలవి. ఇలాంటి చోట్ల, ఇంకా చిన్న ఊరి కొండల మీద, మంగళవారం వచ్చే జనం వేరు, శనివారం వచ్చే జనం వేరు. శనివారపు జనానికి సరిపడా మనుషుల్ని ఏడాదంతా జీతమిచ్చి పెట్టుకుంటే టికెట్ ధర మామూలు కుటుంబానికి అందదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్రాన్స్‌లో ట్రయల్ మీంచి దించినందుకు స్కీయర్‌కి గానీ అతని బీమాకు గానీ బిల్లు వస్తుంది. అమెరికాలో ఆసుపత్రి బిల్లు ఎంత భయంకరంగా ఉన్నా, స్లెడ్డులో కిందికి దించినందుకు సాధారణంగా పైసా అడగరు. అన్నిటికీ వెలకట్టే దేశంలో అలాంటి చోటొకటి మిగిలి ఉంటే, దాన్ని చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక మనవాళ్ల సంగతి. సియాటిల్ వైపు స్నోక్వాల్మీలో, పెన్సిల్వేనియా పోకనోస్‌లో వారాంతాల్లో తెలుగు వినబడుతూనే ఉంటుంది. అద్దె స్కీలతో మొదటిసారి నిలబడ్డ యువకులు, ట్యూబింగ్ చేయడానికి మనవల వెంట వచ్చిన అమ్మమ్మలు తాతయ్యలు. పడిన పెద్దాయన ఇంగ్లీషులో నొప్పి చెప్పుకోలేకపోతే, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారో లేదో ఎవరు అడుగుతారు? తలకు దెబ్బ తగిలినప్పుడు ఆ ఒక్క ప్రశ్న చాలా ముఖ్యం. "బాబాయిగారూ, మీరేం మందులు వాడుతున్నారు?" అని అడగగల నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు మన సమాజంలో కొల్లలు. "మాకు స్కీయింగ్ అంత బాగా రాదండీ" అని వాళ్లు ఆగిపోతారు. స్లెడ్డు ముట్టుకోకుండా కింద ప్రథమ చికిత్స చేసే ఎయిడ్ రూంలోనే పనిచేసే పాట్రోలర్లు కూడా ఉంటారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఉచిత పాస్ కబుర్లు చెప్పేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

నా అభ్యంతరం పాస్ ఇవ్వడం మీద లేదు. దాన్ని ప్రకటన మొదటి వాక్యంగా పెట్టడం మీద ఉంది. అభ్యర్థుల్ని పిలిచే కాగితం మీద ముందు కోర్సు గంటలు, సెలవు రోజుల డ్యూటీలు, ఎయిడ్ రూం అవకాశం రాయాలి. కోర్సు రుసుము, జాకెట్ ఖర్చు రిసార్టు భరించాలి. వాలంటీర్లకూ జీతగాళ్లకూ ఒకే శిక్షకులు, ఒకే కొలత ఉండాలి. సమ్మె జరిగితే ఆ జాగాల్లోకి వాలంటీర్లను పంపబోమని యాజమాన్యం ముందే రాసివ్వాలి. ఈ చివరి షరతుకు ఒప్పుకోని కొండకు ఎవరూ దరఖాస్తు పెట్టకూడదు.