డన్‌క్విన్ రేవులో చివరి రోజు

బృందంగా విహారయాత్రకు వెళ్ళినవారికి చివరి రోజు ఒక వింతైన రోజు. అంతకుముందు వారం రోజులూ తేదీ ఎంతో, వారమేమిటో ఎవరికీ పట్టదు. ఆఖరినాడు కన్ను తెరవగానే లెక్కలు మొదలవుతాయి. ఏ బస్సు, ఏ విమానం, తడిసిన బూట్లు ఎక్కడ సర్దాలి, వంటమనిషికి తలా ఎంత వేసుకుని ఇవ్వాలి! ఆరు రోజులుగా పక్కపక్కనే నడిచి పేరు తప్ప మరేమీ చెప్పుకోని ఇద్దరు మనుషులు సరిగ్గా ఆ ఉదయమే, రొట్టెకు వెన్న రాసుకుంటూ, తమ ఇంటి సంగతులు విప్పుతారు. మర్నాటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూడరన్న ధైర్యమే బహుశా అందుకు కారణం.

ఐర్లండులో అటువంటి చివరి రోజు గడపటానికి కెర్రీ జిల్లాలోని డింగిల్ ద్వీపకల్పాన్ని మించిన చోటు అరుదు. ఆ దేశపు నైరుతి మూల నుంచి అట్లాంటిక్ మహాసముద్రంలోకి చేయి చాచినట్టు సాగిన భూభాగమది. ట్రలీ పట్టణం నుంచి బయలుదేరి ఆ ద్వీపకల్పం చుట్టూ తిరిగి మళ్ళీ ట్రలీకే చేరే కాలిబాట 179 కిలోమీటర్లు. దాన్ని ముక్కలు ముక్కలుగా నడిచే బృందాలు వేసవి పొడుగునా కనిపిస్తాయి. 952 మీటర్ల బ్రాండన్ పర్వతం ఉత్తరాన కాపలా ఉంటుంది. దాని శిఖరం మబ్బు తొలగి కనబడిన రోజును స్థానికులు వరంగా చెప్పుకుంటారు. డింగిల్ రేవులో 1983 నుంచి 2020 వరకు ఒంటరిగా విహరించిన ఫంగీ అనే డాల్ఫిన్ ఇప్పుడు లేదు. రేవు ఒడ్డున దాని కంచు విగ్రహం మాత్రం పిల్లలకు ఆటవస్తువుగా మిగిలింది.

ఇటువంటి యాత్రల కార్యక్రమ పత్రంలో చివరి రోజుకు ఎదురుగా సాధారణంగా ఒకే వాక్యం ఉంటుంది: సముద్రం అనుకూలిస్తే బ్లాస్కెట్ ద్వీపం. ఆ ‘అనుకూలిస్తే’ అన్న మాటకు ఎంత బరువున్నదో ఇల్లు వదిలి వచ్చేటప్పుడు ఎవరికీ తెలియదు.

డింగిల్ నుంచి పడమరగా సాగే దారి చాలా సన్నం. ఎదురెదురు బస్సులు తప్పుకోలేవు గనుక వాహనాలన్నీ గడియారపు ముల్లు తిరిగే దిశలోనే పోవటం అక్కడి ఆనవాయితీ. దారికిరువైపులా ఎర్రని ఫుక్సియా పూల కంచెలు. వేలాడే ఆ పూలను ఐరిష్ భాషలో ‘దేవుని కన్నీళ్ళు’ అంటారు. కొండవాలున తేనెపట్టు ఆకారంలో రాతి గుడిసెలు, బోర్లించిన పడవను తలపించే గాలరస్ ప్రార్థనాలయం. సున్నం గాని మట్టి గాని వాడకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన ఈ చిన్న కట్టడం కొన్ని వందల ఏళ్ళుగా ఆ గాలికీ వానకూ తట్టుకుని నిలిచింది. ఈ ప్రాంతంలో ఐరిష్ ఇంకా ఇళ్ళలో మాట్లాడే భాష. దారి చూపే పలకల మీద ఊళ్ళ పేర్లు ఆ భాషలోనే ఉంటాయి. ఆ భాషలో ‘అవును’, ‘కాదు’ అనే మాటలు విడిగా లేవు. అడిగిన క్రియనే తిప్పి జవాబు చెబుతారు. ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అనే అలవాటున్న తెలుగువారికి ఇందులో విడ్డూరమేమీ తోచదు గాని, ఇంగ్లీషుకు అలవాటుపడ్డ యాత్రికులు దీనికి తెగ ఆశ్చర్యపోతారు.

కనుక డన్‌క్విన్ రేవులో బృందం అడిగే ప్రశ్నకు సమాధానం రెండే రకాలు. పడవ పోతుందా? పోతుంది, లేదా పోదు. మూడో మాట లేదు. ఆ సంగతి నిర్ణయించేది యాత్ర ఏర్పాటు చేసిన సంస్థ కాదు, ముందుగా చెల్లించిన రుసుమూ కాదు. కొండచరియ మీద నిలబడి జలసంధి వైపు చూసే ఆ పడవ నడిపే మనిషి. చరియ పైనుంచి నీటి దాకా సిమెంటు దారి పాములా మెలికలు తిరుగుతూ నిటారుగా దిగిపోతుంది. పైన నిలబడి చూస్తే ద్వీపం చేతికి అందేటంత దగ్గర. నడుమ ఉన్న నీరు దాదాపు రెండు కిలోమీటర్లే. అయినా ఆ రెండు కిలోమీటర్ల జలసంధిలోనే 1588లో స్పెయిను రాజు ఇంగ్లండు మీదికి పంపిన మహానౌకాదళంలోని సాంతా మరియా దె లా రోసా అనే ఓడ రాతికి తగిలి మునిగింది.

పోతుంది అంటే బృందంలో చిన్నపిల్లల కేరింత పుడుతుంది. పోదు అంటే ముఖాలు వాడిపోతాయి. డబ్బిచ్చి వచ్చాం గదా, ఒక్క రోజు, ఇదే చివరి రోజు అని కొందరు వాదిస్తారు కూడా. ఆ వాదన వినే మనిషి ఏమీ అనడు. అదే రేవులో, అదే నీటిని చూస్తూ, అంతకన్నా ఎంతో పెద్ద అవసరాలతో నిలబడినవారి కథ అతనికి తెలుసు.

గ్రేట్ బ్లాస్కెట్ పొడవు సుమారు ఆరు కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు. ఒకప్పుడు అక్కడ సుమారు 175 మంది నివసించేవారు. చర్చి లేదు, వైద్యుడు లేడు. చెక్క చట్రం మీద తారు పూసిన గుడ్డ బిగించిన ‘నేవోగ్’ అనే తేలికపాటి పడవలే వారికి సర్వస్వం. చేపలు పట్టింది వాటితోనే. పెళ్ళికూతుళ్ళను తెచ్చుకున్నదీ, చనిపోయినవారిని పూడ్చటానికి అవతలి ఒడ్డుకు చేర్చిందీ వాటితోనే.

అయితే ఈ చిన్న ద్వీపం ప్రపంచ సాహిత్యంలో తనకొక పీట వేసుకున్నది. తోమాస్ ఓ క్రోహన్ అనే జాలరికి ఒక మిత్రుడు గోర్కీ రచనలు చదివి వినిపించాడట. ఒక సామాన్యుడు తన జీవితాన్ని ఇలా రాయగలిగితే మనమెందుకు రాయలేమన్న ఆలోచన ఆయనకు అక్కడే మొలకెత్తింది. గోర్కీ పుస్తకాలు ఎన్నో తెలుగు ఇళ్ళకు చేరిన సంగతి తెలిసిన పాఠకులకు, అవే అట్లాంటిక్ మధ్య ఒక రాతిగుడిసెలో చేసిన పనిని తలచుకుంటే ముచ్చట కలగక మానదు. ఓ క్రోహన్ ఆత్మకథ 1929లో వెలువడింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రాబిన్ ఫ్లవర్ అనే పండితుడు దాన్ని 1934లో ఇంగ్లీషు చేశాడు. ఆయన 1946లో మరణించినప్పుడు చితాభస్మాన్ని ఆ ద్వీపం మీదనే చల్లారు. మారిస్ ఓ సలివన్ అనే యువకుడు తన బాల్యయౌవనాల కథను 1933లో ప్రచురించాడు. ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాసినవాడు ఇ.ఎం. ఫోర్‌స్టర్. సముద్రపు ఒడిలో పెరిగిన ఓ సలివన్ 1950లో గాల్వే ప్రాంతపు తీరంలో ఈతకు దిగి మునిగిపోయాడు. పెగ్ సేయర్స్ అనే కథకురాలు చెబుతూ ఉంటే కొడుకు రాసిన ఆత్మకథ 1936 నాటిది. దానిని తరువాత దశాబ్దాల తరబడి ఐర్లండు విద్యార్థులకు పాఠ్యపుస్తకంగా నిర్బంధించారు. ఆ కారణంగా ఎన్నో తరాల పిల్లలు ఆ పాపం ఎరుగని ముసలమ్మ పేరు వింటేనే ముఖం చిట్లించటం నేర్చుకున్నారు. గొప్ప పుస్తకాన్ని పిల్లలకు దూరం చేయటానికి పరీక్షను మించిన సాధనం మరేదీ లేదు.

పేరు ప్రపంచమంతా పాకుతున్న కాలంలోనే ఊరు ఖాళీ అవుతూ వచ్చింది. యువకులు ఓడలెక్కి అమెరికా పోయారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో బ్లాస్కెట్ వారి వంశాలు స్థిరపడ్డాయి. 1941లో బడి మూతపడింది. 1947 ఆరంభంలో, భీకరమైన చలికాలంలో, ఒక యువకుడికి మెదడు పొరల వాపు జ్వరం తగిలింది. ద్వీపంలోని రేడియో టెలిఫోను పనిచేయలేదు. సముద్రం పడవ దిగనివ్వలేదు. ఎదుట కనబడే ఒడ్డున వైద్యుడున్నాడు; కానీ రాలేడు. ఆ కుర్రవాడు ఏ వైద్యమూ అందకుండానే కన్నుమూశాడు. అతనికి శవపేటిక కోసం కూడా సముద్రం శాంతించేదాకా ఆగవలసివచ్చింది. మిగిలినవారి మనసు విరిగింది అప్పుడే. ఆ ఏప్రిల్లో తుపానులో చిక్కుకున్నాం, తినటానికి లేదు, ఆహారం పంపండని ప్రధానమంత్రి డి వెలేరాకు ద్వీపం నుంచి తంతి వెళ్ళింది. ఆ ఏడాదే ఆయన స్వయంగా వచ్చి చూసి వెళ్ళాడు. తమను అవతలి ఒడ్డుకు చేర్చమని వారు కోరారు. ఆ కోరిక తీరటానికి ఆరు సంవత్సరాలు పట్టింది. ప్రభుత్వాల నడక ఏ దేశంలోనైనా ఒకే తీరు.

1953 నవంబరు 17. ద్వీపవాసుల చివరి రోజు. మిగిలిన వారు 22 మంది. తీసుకుపోవటానికి పడవ వచ్చింది గాని, ఆనాడు కూడా సముద్రం సహకరించక అందరినీ, సామాన్లన్నిటినీ ఒక్కసారిగా చేర్చటం సాధ్యపడలేదు. వారికి ఇళ్ళు కేటాయించింది డన్‌క్విన్ గ్రామంలోనే. వదిలివచ్చిన ద్వీపం ఆ గ్రామం నుంచి మిగతా జీవితమంతా కనిపిస్తూనే ఉండేది. అది దయ అనుకోవాలో శిక్ష అనుకోవాలో చెప్పటం సులభం కాదు.

సముద్రం అనుకూలించిన రోజున బృందం ఆ ద్వీపం మీద మూడు నాలుగు గంటలు గడుపుతుంది. పెద్ద పడవ ఒడ్డుకు రాలేదు. చిన్న రబ్బరు పడవలోకి మారి, చేయి పట్టుకుని రాళ్ళ మీదికి దిగాలి. కప్పులేని గోడలు, వాటి మధ్య గడ్డి, గడ్డిలో గొర్రెలు. తెల్లని ఇసుక తీరం మీద బూడిదరంగు సీల్ జంతువులు గుంపులుగా పడుకుని ఉంటాయి. బాగుచేసి కప్పు వేసిన ఇళ్ళలో ఓ క్రోహన్ ఇల్లు ఒకటి. గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపించేది నీరు, అవతల ప్రధాన భూభాగం. ఇక్కడ జనం మాటలు తగ్గిపోతాయి. కెమెరాలు సంచుల్లోకి వెళతాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చినవారెవరైనా బృందంలో ఉంటే, వారు తోడెవరూ లేకుండా ఒక గోడ నుంచి మరొక గోడకు నడుస్తూ, తమ అమ్మమ్మ చెప్పిన గుర్తులతో ఏదో ఇంటిని వెతుక్కుంటారు. మిగతావారు దూరంగా కూర్చుని, చూడనట్టే చూస్తారు.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. వేసవి నెలల్లో ద్వీపం మీద ఉండి యాత్రికులకు టీ కాచి ఇస్తూ, బస గదులు చూసుకునేందుకు ఇద్దరు మనుషులు కావాలని 2020లో ప్రకటన ఇస్తే, ప్రపంచం నలుమూలల నుంచి వేల సంఖ్యలో దరఖాస్తులు వచ్చిపడ్డాయి. విద్యుత్తు లేకపోవటం, వేడినీళ్ళు లేకపోవటం ఆ ప్రకటనలో ఆకర్షణలయ్యాయి. బ్రతకలేక కొందరు వదిలిన చోటికి, బ్రతుకు విసిగి ఇందరు పోవాలనుకున్నారు. తేడా ఒక్కటే: శరదృతువు రాగానే వీరికి తిరుగు పడవ ఉన్నది.

ఆ పడవ దగ్గర జరిగే తంతు చూడదగ్గది. ఉదయం దిగినవారిని సాయంకాలం ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెడతారు. లెక్క సరిపోతేనే లంగరు లేస్తుంది. ఒకరు తగ్గితే అందరూ ఆగవలసిందే. కొండ వెనక పూలను చూస్తూ కాలం మరచినవారి కోసం పేరెత్తి పిలిచే గొంతులు ఆ గోడల మధ్య ప్రతిధ్వనిస్తాయి.

జూన్ నెలలో అక్కడ రాత్రి పదింటి వరకు వెలుతురు ఉంటుంది. బస దగ్గర భోజనాలైన తరువాత ఎవరో వయొలిన్ తీస్తారు, ఎవరో నేల మీద పాదం తడతారు. ఈ ఆఖరి రాత్రి పాటలకు ఆ నేలలో పాత చరిత్ర ఉంది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంట్లో ఒకరు అమెరికా ప్రయాణమైతే, ముందు రాత్రి ఊరంతా ఆ ఇంట చేరేది. తెల్లవార్లూ ఆట, పాట, మధ్యమధ్య ఏడుపు. చనిపోయినవారి పక్కన జాగారం చేసినట్టే చేసేవారు. దాన్ని ‘అమెరికా జాగారం’ అనే పిలిచేవారు. పోయినవారు తిరిగిరారన్నది ఇరుపక్షాలకూ తెలిసిన సత్యం. ఉత్తరాలు రావచ్చు, డబ్బు రావచ్చు. మనిషి మాత్రం రాడు. నేటి యాత్రికులు చప్పట్లు కొట్టి మళ్ళీ మళ్ళీ పాడించుకునే పాటల్లో కొన్ని ఆ రాత్రుల పాటలే. అర్థం తెలియదు గనుక వారు నవ్వుతూనే వింటారు. తెలిసిన ముసలివారు మూలన కూర్చుని పెదవి కదుపుతారు.

మర్నాడు పెట్టెలు బస్సెక్కాక ఇంటి ఇల్లాలు గుమ్మంలోకి వస్తుంది. ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనటం మన మర్యాద. ఐరిష్ భాషకు తనదైన మర్యాద ఉన్నది. వెళ్ళేవారికి ‘స్లాన్ లత్’ అనాలి, క్షేమం నీ వెంట రావాలని. ఉండిపోయేవారికి ‘స్లాన్ అగత్’ అనాలి, క్షేమం నీ దగ్గరే ఉండాలని. వారం రోజులుగా నేర్చుకున్న ఈ రెండు మాటలనూ యాత్రికులు బస్సు మెట్టు మీద నిలబడి తారుమారు చేసేస్తారు. వెళుతున్నవారే ‘స్లాన్ లత్’ అంటారు. ఇల్లాలు సరిదిద్దదు. తానూ అదే మాట అని చేయి ఊపుతుంది.