సెలవును బట్టి కాదు, ఎత్తును బట్టి

గంగోత్రి నుంచి గోముఖ్ అనే హిమానీనదపు అంచు దాకా సుమారు 18 కిలోమీటర్లు. వినడానికి తేలికే. అందుకే చాలామంది ముందు సెలవులు లెక్కేసుకుని, ఆ నాలుగైదు రోజుల్లో కొండను ఇరికిస్తారు. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానం, మర్నాడు గంగోత్రికి జీపు, ఆ మర్నాడే నడక. ఈ లెక్కలో ఒంటికి చోటు లేదు. గంగోత్రి సుమారు 3,100 మీటర్ల ఎత్తు. రాత్రి బస చేసే భోజ్‌బాసా దాదాపు 3,800. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది పర్వత వైద్యుల సలహా. దారిలో హర్సిల్‌లో ఒక రాత్రి, గంగోత్రిలో రెండు రాత్రులు ఆగడం విలాసమేమీ కాదు.

రోజూ పరిగెత్తేవాళ్లం, మాకేమవుతుందని కొందరంటారు. కండబలం ఉన్నంత మాత్రాన పల్చటి గాలి ఒంటికి పట్టదు. పైగా దిట్టమైన కుర్రాడు తలనొప్పిని, వాంతిని దాచుకుని పైకే నడుస్తాడు. ఉద్యోగికి అదనంగా రెండు రోజుల సెలవు చిన్న విషయం కాదన్న మాట మాత్రం నిజం. గోముఖ్ దారిలోకి రోజుకు 150 మందికే అనుమతి కాబట్టి తేదీ జారిపోతుందన్న బెంగ కూడా ఉంటుంది. అయినా వాతావరణం తిరగబడితే ఆగిపోవడానికి ఒక రోజు చేతిలో ఉండాల్సిందే. 2024 జూన్‌లో ఆ కొండల్లోనే సహస్ర తాల్ సరస్సుకు వెళ్లే దారిలో మంచుతుఫానుకు చిక్కి కర్ణాటక ట్రెక్కర్లు తొమ్మిది మంది చనిపోయారు. ట్రెక్కింగ్ సంస్థలు ఏ రాత్రి ఎంత ఎత్తులో బసో, ఖాళీ రోజు ఎక్కడుందో ప్రకటనలోనే రాయాలి. అంత సెలవు దొరకనివారు ఈసారికి హర్సిల్ చూసి రావడమే మేలు.