మెరుపులొస్తే రేపటికి వాయిదా వద్దు

మైనస్ ఆరు, మైనస్ ఎనిమిది పవర్ కళ్లద్దాలున్నవాళ్లు ఈ వారం కాస్త ఓపిగ్గా చదవండి. మీ కనుగుడ్డు మామూలు కంటే పొడుగు. అందుకే లోపలి రెటీనా పల్చగా సాగి ఉంటుంది, చిరిగే అవకాశం ఎక్కువ. ఉన్నట్టుండి కంటి ముందు నల్ల చుక్కల గుంపు, పక్కన మెరుపులు, తర్వాత ఓ మూల నుంచి తెర దిగినట్టు నీడ. నొప్పి మాత్రం ఉండదు. మోసమంతా అక్కడే.

చిరుగు దశలోనే దొరికితే లేజర్‌తో చుట్టూ అతికిస్తారు, చాలామంది అదే రోజు ఇంటికెళ్లిపోతారు. రెటీనా ఊడి రోజులు గడిస్తే కథ మారుతుంది. దాని మీద మచ్చలాంటి పొరలు పుట్టి గుంజుతాయి, అది ముడతలు పడి బిగుసుకుపోతుంది. డాక్టర్లు దీన్ని పీవీఆర్ అంటారు. ఆపరేషన్ చేసినా మళ్లీ ఊడేది ఎక్కువగా దీనివల్లే.

అప్పుడు చేసేది విట్రెక్టమీ. తెల్లగుడ్డులో మిల్లీమీటరు కంటే సన్నని మూడు రంధ్రాలు పెడతారు. ఒకదాంట్లోంచి లైటు, ఒకదాంట్లోంచి కట్టర్, ఇంకోదాంట్లోంచి సెలైన్. కంట్లోని జెల్లీ తీసేసి, ఆ పొరల్ని ఒక్కోటీ ఒలుస్తారు. ఉల్లిపొర కంటే సున్నితమైన పని. 1970లో మయామీలో ఈ పద్ధతికి దారి వేసిన రాబర్ట్ మాకెమర్ మొదట కోడిగుడ్డు తెల్లసొన మీద ప్రయత్నించాడు. మెషీన్ తయారీలో తోడుగా జీన్-మారీ పరెల్ అనే ఇంజినీర్ ఉన్నాడు. మనవాళ్లూ పనికొచ్చే పనులు చేశారన్నమాట!

చివర్లో రెటీనాని గోడకి అదిమి ఉంచడానికి సిలికాన్ ఆయిల్ గానీ, గ్యాస్ గానీ నింపుతారు. మా టీమ్‌లో ఒకతను రిలీజ్ అయ్యాక చూద్దాంలే అని రెండు వారాలు ఐడ్రాప్స్‌తో నెట్టుకొచ్చాడు. అతనికి ఆయిల్ పెట్టారు. కొన్ని నెలలకి దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్. రెటీనా అతికింది. కానీ మధ్యలోని మాక్యులా అప్పటికే ఊడి ఉంది కాబట్టి ఆ కంటికి ఎక్సెల్ గీతలు ఇప్పటికీ అలల్లా కనిపిస్తాయి.

గ్యాస్ దానంతటదే కరిగిపోతుంది. కాకపోతే కొన్నాళ్లు డాక్టరు చెప్పినట్టు, చాలాసార్లు బోర్లానే, పడుకోవాలి. పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు. పైకెళ్లేకొద్దీ బుడగ ఉబ్బి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, ఉన్న చూపూ పోవచ్చు. ఘాట్ రోడ్డుదీ అదే సంగతి. అరకు ట్రిప్ ప్లానుంటే డాక్టరుకి ముందే చెప్పండి.