బైకు ర్యాలీలు: నెమ్మదిగా సాగినా తప్పని ముప్పు

ఎన్నికల ప్రచారం మొదలుకొని వినాయక నిమజ్జనం, నాయకుల జన్మదినాలు, కొత్త సినిమా విడుదల వరకు ఏ సందర్భమైనా మోటారు సైకిళ్ల ర్యాలీ తీయడం సరిహద్దు జిల్లాలలో పరిపాటి అయింది. జెండాలు, తోరణాలు, హారన్ల మోతల నడుమ ఊరి యువకులు ఒక్కొక్క బైకుపై ఇద్దరేసి, ముగ్గురేసి బయలుదేరుతారు. “ర్యాలీ నెమ్మదిగానే పోతుంది గదా, భయమెందుకు?” అని ఇంటిలోని పెద్దలు సమాధానపడతారు. పరిశీలింపవలసినది ఈ సమాధానాన్నే. నిదానమే ప్రధానమన్న మాట నడిచే మనిషికి వర్తించినంతగా రెండు చక్రాల వాహనానికి వర్తించదు.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. హెల్మెట్ లేకుండా ప్రాణాలు కోల్పోయినవారు 50,029 మంది. ఇవి ర్యాలీలకు మాత్రమే సంబంధించిన లెక్కలు కావు. అయితే హెల్మెట్ లేని తల రోడ్డుకు తగిలితే ఏమవుతుందో ఈ లెక్కలే చెబుతున్నాయి. బైకు నిలిచిన చోటనే ఒరిగినా, దానిపై కూర్చున్నవాని తల నాలుగైదు అడుగుల ఎత్తు నుండి నేలను తాకుతుంది. ర్యాలీలో హెల్మెట్ తీసి తలపాగా చుట్టుకునేవారు ఈ సంగతిని విస్మరించరాదు.

వేగంగా పోతున్న బైకును దాని చక్రాల గమనమే చాలా వరకు నిటారుగా నిలుపుతుంది. నడక వేగానికి దిగినపుడు ఆ ఆసరా తగ్గిపోయి, భారమంతా హ్యాండిల్ పట్టిన చేతులపై పడుతుంది. అట్టి సమయంలో ముందు బైకు హఠాత్తుగా ఆగితే, వెనుకవాడు హ్యాండిల్‌ను పక్కకు తిప్పుతూనే ముందు బ్రేకును గట్టిగా పట్టుకుంటాడు. బరువు ఒక్కసారిగా ముందుకు, తిరిగిన వైపునకు వాలుతుంది. ముందు చక్రం బిగుసుకొని బైకు అదే వైపు పడిపోతుంది. ఇద్దరు మనుషులతో కలిపి రెండు వందల కిలోలు దాటే బరువు ఒకసారి ఒరిగిన తరువాత, కాలు మోపి ఆపడం ఎంతటి బలశాలికైనా కష్టమే.

ముందు బ్రేకు వేస్తే బైకు బోల్తా పడుతుందని పల్లెలలో ఒక నమ్మకం ఉన్నది. ఇది సగం మాత్రమే నిజం. తిన్నని రోడ్డుపై నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్నపుడు బండిని ఆపే శక్తిలో అధిక భాగం ముందు బ్రేకుదే. అక్కడ వెనుక బ్రేకునే నమ్ముకుంటే బైకు ఆగడానికి చాలా దూరం పడుతుంది. ముందు బ్రేకును క్రమంగా బిగిస్తూ రెండు బ్రేకులూ కలిపి వాడడమే సరియైన పద్ధతి. హ్యాండిల్ తిరిగి ఉన్న నెమ్మది మలుపులో మాత్రం వెనుక బ్రేకును మెల్లగా నొక్కాలి. వీలైనంత వరకు హ్యాండిల్‌ను తిన్నగా చేసిన తరువాతనే ఆగాలి. క్లచ్‌ను సగం పట్టి, కుడి పాదాన్ని బ్రేకుపై ఉంచి, చూపును ముందు చక్రంపై గాక దూరంగా నిలిపి, ఆగేటపుడు ఎడమ కాలు మోపాలి. స్కూటరుకు క్లచ్ ఉండదు కనుక ఎడమ చేతి బ్రేకును తేలికగా పట్టి నడపాలి. జెండా కర్ర ఒక చేతిలో పట్టుకున్నవాడు వీటిలో ఏదీ సరిగా చేయలేడు. అతని చేయి బ్రేకును గాని, క్లచ్‌ను గాని వదలివేసినట్లే.

బైకుల నడుమ దూరం మరొక ముఖ్య విషయం. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగమంటే క్షణానికి అయిదున్నర మీటర్లు. ముందువాడు ఆగినట్లు గ్రహించి చేయి బ్రేకును అందుకునేసరికే దాదాపు ఒక క్షణం గడుస్తుంది. ర్యాలీలో బైకుల మధ్య రెండు మీటర్లయినా ఉండదు. అనగా వెనుకవాడు బ్రేకు వేయకముందే ఢీకొనడం తథ్యం. దీనికి తోడు సుగ్గి కాలంలో రాగి, ఉలవ పంటలను రోడ్డుపైనే నూర్పిడికి పరుస్తారు. ఆ చెత్తపై బ్రేకు వేస్తే చక్రం జారిపోతుంది.

2019 ఏప్రిల్ నుండి 125 సీసీ దాటిన కొత్త బైకులకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం రెండు చక్రాల బ్రేకులను కలిపే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. ఇవి మేలైనవే. అయితే మనిషి నడిచే వేగంలో ఏబీఎస్ సాధారణంగా పని చేయదు. సీబీఎస్ ఉన్న బండిలో వెనుక బ్రేకు నొక్కినా ముందు చక్రానికి కొంత పట్టు పడుతుంది గనుక, మలుపులో దానిని మరింత మెల్లగా నొక్కాలి.

చట్టం విషయానికి వస్తే, చోదకునికి, వెనుక కూర్చున్నవానికి హెల్మెట్ తప్పనిసరి. బైకుపై చోదకుడు గాక మరొక్కరికే అనుమతి. ర్యాలీకి వీటి నుండి మినహాయింపు ఏదీ లేదు. 2021 శాసనసభ ఎన్నికలలో పోలింగుకు 72 గంటల ముందు నుండి బైకు ర్యాలీలను ఎన్నికల సంఘం నిషేధించింది. తమిళనాడుతో పాటు యానాం ఉన్న పుదుచ్చేరికి కూడా అది వర్తించింది. అయితే ఆ ఆంక్ష ఆ మూడు రోజులకే పరిమితం. మిగిలిన రోజులలో జాగ్రత్త వహించవలసినది నిర్వాహకులు, కుటుంబాలే.

కుటుంబాలు గుర్తుంచుకోవలసిన మరొక అంశం బీమా. తన తప్పిదంతో తానే పడిపోయిన చోదకునికి థర్డ్ పార్టీ బీమా పరిహారం ఇవ్వదు. పదిహేను లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నా, బైకు ఎవరి పేర రిజిస్టరయిందో వారే, చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడుపుతున్నపుడే అది వర్తిస్తుంది. అరువు తెచ్చిన బైకుపై ర్యాలీకి పోయిన కుర్రవాడు గాయపడితే ఆసుపత్రి ఖర్చు ఇంటివారి నెత్తినే పడుతుంది. వేరొకరి తప్పు వలన పొరుగు రాష్ట్రంలో ప్రమాదం జరిగితే మాత్రం, పరిహారం కోసం అక్కడికే తిరగనక్కరలేదు. బాధితులు తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దావా వేయవచ్చు. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన నిబంధన ఇందుకు ఆరు నెలల గడువు విధించింది కనుక జాప్యం తగదు.

ర్యాలీ తీసేవారు బైకులను పక్కపక్కన గాక ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఉండేట్లు వరుసగా నడిపించాలి. జెండాలను బండికే కట్టాలి. లైసెన్సు లేనివారిని చేర్చుకోరాదు. ఇక పెద్దలు పిల్లలకు చెప్పవలసినది “నెమ్మదిగా పో” అన్న ఒక్క మాటే కాదు. నెమ్మదిగా ఆగడం ఎట్లాగో ఖాళీ మైదానంలో ఒక పూట సాధన చేయించి పంపడం అంతకంటె మేలు.